చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?

మొదటి ఆదివారం ముప్పై రెండు స్లైడ్లు పట్టుకుని వెళ్ళాను. తప్పు అక్కడే మొదలైంది.

మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో చిన్న లైబ్రరీ గది ఒకటుంది. అందులో పుస్తకాల కన్నా క్యారమ్ బోర్డుకే గిరాకీ. నవంబర్లో అసోసియేషన్ వాళ్ళు, ఆదివారాలు పిల్లలకి ఎవరికి వచ్చింది వాళ్ళు చెప్పండి అని అడిగారు. ఒకాయన చదరంగం అన్నాడు. ఒకావిడ బొమ్మలు గీయడం నేర్పుతానంది. నేను స్ట్రింగ్ క్వార్టెట్ అన్నాను. వాట్సాప్ గ్రూపులో ఎవరో "అంటే గిటారాండీ?" అని అడిగారు. కాదండీ, రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో, అంతే, పాడేవాళ్ళు కూడా ఉండరు అని రాశాను. దానికి ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది.

నేను సంగీతం చదువుకున్నవాణ్ణి కాదు. చిన్నప్పుడు రెండేళ్ళు కర్ణాటక వయొలిన్ నేర్చుకుని, ఎనిమిదో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ క్లాసుల కోసం మానేశాను. ఐఐటీ రాలేదు, వయొలినూ పోయింది. ఈ క్వార్టెట్లు ఉద్యోగంలో చేరాక, నైట్ షిఫ్టుల్లో, హెడ్‌ఫోన్స్‌లో అలవాటయ్యాయి. కాబట్టి ఇక్కడ రాసేది విద్వాంసుడి మాటగా తీసుకోకండి. పదకొండు మంది పిల్లల ముందు నాలుగు నెలలపాటు కొన్ని రచనలు పెట్టి, వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చున్నవాడి మాట. పన్నెండు నుంచి పదిహేనేళ్ళ పిల్లలకి ఈ సంగీతాన్ని దేనితో, ఎలా మొదలుపెట్టాలి అన్నదే ప్రశ్న. దీనికి అందరూ చెప్పే జవాబు, నేను కూడా నమ్మిన జవాబు, తప్పని ఇప్పుడు అనిపిస్తోంది.

కథ గుర్తుంది, పాట గుర్తులేదు

ఆ జవాబు ఏంటంటే, కథ చెప్పు. పిల్లలకి మాటల్లేని సంగీతం ఎక్కదు, కాబట్టి దాని వెనక ఒక మనిషినీ, ఒక కష్టాన్నీ నిలబెట్టు. ఈ పనికి షోస్తకోవిచ్ ఎనిమిదో క్వార్టెట్‌ని మించింది లేదనుకున్నాను. 1960 జులైలో ఆయన డ్రెస్డెన్ దగ్గర గోరిష్ అనే ఊళ్ళో మూడు రోజుల్లో రాశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి డ్రెస్డెన్ నేలమట్టం కావడం, ఆ యుద్ధం మీద తీస్తున్న సినిమాకి సంగీతం చెయ్యడానికే ఈయన అక్కడికి వెళ్ళడం, క్వార్టెట్‌ని ఫాసిజానికీ యుద్ధానికీ బలైనవాళ్ళ స్మృతికి అంకితమివ్వడం, అన్నీ స్లైడ్ల మీద పెట్టాను. కూలిన ఇళ్ళ ఫొటోలు చూపించాను. ఐదు భాగాలూ ఎక్కడా ఆగకుండా వచ్చే రచన, ఇరవై నిమిషాలు పైనే. పిల్లలు చాలా బుద్ధిగా విన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. గొప్పగా జరిగిందనుకున్నాను.

అయిపోయాక ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఒకతి అడిగింది. "అంకుల్, మీరు కథ చెప్పకపోతే ఇది బాధగా ఉందని మాకు ఎలా తెలిసేది?"

ఏదో సర్దిచెప్పాను. తరవాతి ఆదివారం, పోయిన వారం విన్నదాంట్లో ఏం గుర్తుందో చెప్పమన్నాను. డ్రెస్డెన్ గుర్తుంది. బాంబులు గుర్తున్నాయి. మూడు రోజులు అన్నది మరీ బాగా గుర్తుంది, ఒకడు "మూడు రోజుల్లో మా సైన్స్ ప్రాజెక్టే అవ్వదు" అని మెచ్చుకున్నాడు కూడా. కానీ ఆ క్వార్టెట్ మొత్తం నాలుగు స్వరాల మీద నిలబడుతుంది. జర్మన్ పద్ధతిలో డి, ఎస్, సి, హెచ్ అని చదివితే షోస్తకోవిచ్ పేరులో అక్షరాలొస్తాయి. మొట్టమొదట చెల్లో వాటిని ఒంటరిగా వాయిస్తుంది, తర్వాత ప్రతి భాగంలోనూ అవి తిరిగొస్తాయి. ఇరవై నిమిషాల్లో ఎన్నోసార్లు విన్న ఆ నాలుగు స్వరాల్ని పదకొండు మందిలో ఒక్కరూ కూనిరాగం తియ్యలేకపోయారు. వాళ్ళు విన్నది నన్ను. షోస్తకోవిచ్ వెనక ఎక్కడో బ్యాక్‌గ్రౌండ్ స్కోర్‌లాగా మోగాడు.

పైగా నేను చెప్పిన కథ సగమే. ఆ ఏడాదే ఆయన మీద ఒత్తిడి తెచ్చి కమ్యూనిస్టు పార్టీలో చేర్పించారు. నేను చచ్చిపోయాక నా కోసం ఎవరూ ఏదీ రాయరు కాబట్టి నేనే రాసుకున్నానన్న అర్థం వచ్చేలా స్నేహితుడు గ్లిక్‌మన్‌కి ఉత్తరం రాశాడు. అప్పుడు ఆ దుఃఖం డ్రెస్డెన్‌దా, ఆయనదా? విమర్శకులు ఇంకా వాదించుకుంటున్నారు. నేను మాత్రం పన్నెండేళ్ళ పిల్లలకి ఒకే జవాబు ఇచ్చేసి, ఇక దీన్ని వినక్కర్లేదన్నట్టు మూసేశాను.

ఈ తప్పుని 1958లోనే లియొనార్డ్ బెర్న్‌స్టీన్ పిల్లల ముందు పట్టి చూపించాడని తర్వాత గుర్తొచ్చింది. న్యూయార్క్ ఫిల్హార్మానిక్‌తో టీవీలో చేసిన 'యంగ్ పీపుల్స్ కాన్సర్ట్స్'లో మొదటిది, సంగీతానికి అర్థం ఏంటన్న ప్రశ్న మీదే. అందులో సూపర్‌మ్యాన్ వచ్చి స్నేహితుణ్ణి జైల్లోంచి విడిపించే కథ ఒకటి చెప్పి, ఆ కథకి తగ్గట్టు ఆర్కెస్ట్రా వాయిస్తుంటే పిల్లలు నమ్ముతారు. అప్పుడు చెప్తాడు, ఇది నిజానికి రిచర్డ్ స్ట్రాస్ రాసిన డాన్ కిహోటె అని. అదే సంగీతం, రెండు కథలు, రెండూ అతుక్కున్నాయి. నాకు ఇది ఎప్పుడో తెలుసు. వీడియో కూడా చూశాను. అయినా స్లైడ్లు తయారుచేసుకునేటప్పుడు గుర్తు రాలేదు. పిల్లలు నిశ్శబ్దంగా ఉంటే చాలు, విన్నారనుకోవడంలో ఉన్న సుఖం అలాంటిది.

ఖాళీల్లో చప్పట్లు

మూడో ఆదివారం లాప్‌టాప్ తీసుకెళ్ళలేదు. స్పీకర్, ఫోన్, అంతే. కంపోజర్ పేరు కూడా చెప్పలేదు. ఒకే ఒక్క మాట చెప్పాను. "నాలుగు నిమిషాలు కూడా ఉండదు. అయిపోయిందనిపించగానే చప్పట్లు కొట్టండి."

పెట్టింది హైడన్ ఓపస్ 33లో రెండో క్వార్టెట్, చివరి భాగం. 1781లో రాసింది. దీనికి 'జోక్' అన్న పేరు తర్వాత జనం పెట్టారు, హైడన్ పెట్టలేదు.

ఇందులో ముఖ్యమైన పాట చాలా చిన్నది. గబగబా, గెంతుతున్నట్టు ఉంటుంది. నాలుగు ముక్కల్లో అయిపోతుంది. మధ్యలో వేరేవి వచ్చి వెళ్తుంటాయి, ప్రతిసారీ మళ్ళీ ఆ పాట దగ్గరికే వస్తాం. మన సినిమా పాటలో చరణం అయ్యాక పల్లవి వచ్చినట్టే. ఈ వరస ఏ పిల్లవాడికీ నేర్పక్కర్లేదు. రెండోసారి పాట తిరిగొచ్చేటప్పటికే ముందు వరసలో కూర్చున్నవాడి మోకాలు దానికంటే ముందే ఊగడం మొదలైంది.

చివరికొచ్చాక ఉన్నట్టుండి అంతా ఆగి, ఎవరో గంభీరమైన ఉపన్యాసం ఇవ్వబోతున్నట్టు నెమ్మదిగా, భారంగా కొన్ని స్వరాలు వస్తాయి. తర్వాత పాట మళ్ళీ మొదలవుతుంది. కానీ మొదటి ముక్క వాయించి ఆగిపోతారు. ఖాళీ. రెండో ముక్క. మళ్ళీ ఖాళీ. మూడో ముక్క. ఖాళీ. నాలుగోది. పాట పూర్తయింది, అన్నీ సర్దుకున్నాయి. ఇప్పుడు ఇంకా పెద్ద ఖాళీ.

మావాళ్ళు మొదటి ఖాళీలోనే చప్పట్లు కొట్టారు. రెండో ఖాళీలో సగం మంది. మూడో ఖాళీలో ఇద్దరే, వాళ్ళని మిగతావాళ్ళు కసిరారు. నాలుగో ముక్క తర్వాత, ఆ పెద్ద ఖాళీలో, ఇక అనుమానం లేదు, అందరూ గట్టిగా కొట్టారు. ఆ చప్పట్ల మధ్యలో, చాలా మెల్లగా, పాటలో మొట్టమొదటి ముక్క ఇంకోసారి వినిపించింది. ఆ తర్వాత ఏమీ లేదు. నిజంగానే అయిపోయింది.

రెండు మూడు క్షణాలు ఎవరూ కదల్లేదు. ఇంకా ఏదో వస్తుందని చూశారు. తర్వాత నవ్వులు. "అంకుల్, వాడు మనతో ఆడుకుంటున్నాడు!"

అవును. రెండువందల నలభై ఏళ్ళ క్రితం చచ్చిపోని జోకు రాసినవాడు, మన హైదరాబాద్ క్లబ్‌హౌస్‌లో పిల్లలతో ఆడుకున్నాడు. నేను ఒక్క మాట వివరించకుండా. ఇది నాకు పెద్ద విషయంగా కనిపించింది, ఎందుకో చెప్పాలి.

అర్థంకాని భాషలో జోకుకి నవ్వలేం. నవ్వాలంటే తర్వాత ఏం రావాలో తెలిసుండాలి, అది రాకపోవాలి. ఖాళీలో చప్పట్లు కొట్టిన పిల్లవాడు తప్పు చెయ్యలేదు. పాట ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఆగితే పూర్తయినట్టు ఉంటుందో వాడికి తెలుసు కాబట్టే కొట్టాడు. ఆ తెలివి వాడికి నేను ఇవ్వలేదు. గత మూడు నిమిషాల్లో హైడనే ఇచ్చాడు, ఆ పాటని పదే పదే తిప్పి. మోసం చేసే ముందు మోసపోవడానికి కావలసిన చదువంతా చెప్పేశాడు. ఆ చివరి దెబ్బ చూడండి. మనింట్లో కథ కంచికీ, మనం ఇంటికీ అని చెప్పేశాక, అమ్మమ్మ లేచి వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి "అనగనగా ఒక..." అని దీపం ఆర్పేస్తే ఎలా ఉంటుంది? హైడన్ చేసింది అదే. మొదలు తీసుకొచ్చి చివర పెట్టాడు.

షోస్తకోవిచ్ రోజున పిల్లలకి ఏమీ తెలియదనుకుని మొదలుపెట్టాను. హైడన్ వాళ్ళకి చాలా తెలుసనుకుని మొదలుపెట్టాడు. పరిచయాల్లో ఉన్న తేడా అంతా ఇక్కడే ఉందని నా వాదన.

"మావాడు నిద్రపోతున్నాడు"

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, నాకు నేనే వేసుకున్నాను. జోకు పేలింది సరే, కానీ పిల్లలు విన్నది మొదటి వయొలిన్‌నే. పాట అక్కడే ఉంది మరి. మిగతా ముగ్గురూ ఉన్నారని కూడా గమనించలేదు. అలాంటప్పుడు ఇది క్వార్టెట్‌కి పరిచయం ఎలా అవుతుంది?

ఆర్కెస్ట్రాకి ఈ చిక్కు లేదు. బెంజమిన్ బ్రిటెన్ 'ద యంగ్ పర్సన్స్ గైడ్ టు ది ఆర్కెస్ట్రా' చేసినప్పుడు ఫ్లూట్, ట్రంపెట్, డ్రమ్ము ఒకదాని తర్వాత ఒకటి తెచ్చి నిలబెట్టాడు. వాటి గొంతులే వేరు, చెవి వాటంతటవే పట్టుకుంటుంది. క్వార్టెట్‌లో నాలుగూ ఒకే ఇంటి పిల్లలు. నాలుగు తీగలు, ఒక కమాను. వయోలా వయొలిన్ కన్నా కాస్త పెద్దది, కాస్త కింది గొంతు. చెల్లో ఇంకా పెద్దది, ఇంకా కింద. రంగులతో మురిపించడం కుదరదు. అందుకే ఇది కష్టం. అందుకే ఒకసారి అలవాటైతే వదలదు కూడా.

నాలుగో ఆదివారం పిల్లల్ని నాలుగు జట్లు చేశాను. ఒక్కో జట్టుకి ఒక్కో వాద్యం. యూట్యూబ్‌లో క్వార్టెట్ వాయిస్తున్న వీడియో టీవీకి తగిలించాను. "మీవాణ్ణి మాత్రమే చూడండి. తర్వాత మీవాడు ఏం చేశాడో చెప్పండి." రచన హైడన్‌దే, ఓపస్ 76లో మూడోది, రెండో భాగం.

ఇది వేరియేషన్స్ పద్ధతిలో ఉంటుంది. ఒక పాట, దానికి నాలుగు రూపాలు. మామూలుగా వేరియేషన్స్ అంటే పాటనే అల్లి, మెలిపెట్టి, గుర్తుపట్టలేనట్టు చేస్తారు. హైడన్ ఇక్కడ పాటని ముట్టుకోడు. చేతులు మారుస్తాడు. మొదట పాటని మొదటి వయొలిన్ చెప్తుంది. మొదటి రూపంలో రెండో వయొలిన్ తీసుకుంటే, మొదటి వయొలిన్ దాని చుట్టూ తీగలా అల్లుకుంటుంది. మిగతా ఇద్దరూ కమానులు దించి కూర్చుంటారు. రెండో రూపంలో పాట చెల్లోకి వెళ్తుంది. మూడో దాంట్లో వయోలాకి. నాలుగో రూపంలో తిరిగి మొదటి వయొలిన్‌కి వస్తుంది, కానీ ఇప్పుడు కింద మిగతా ముగ్గురూ వేసే స్వరాలు మారిపోయి ఉంటాయి.

మొదటి రూపం నడుస్తుండగానే చెల్లో జట్టు గొడవ. "అంకుల్, మావాడు నిద్రపోతున్నాడు." కాసేపటికి చెల్లో పాట అందుకోగానే ఆ జట్టంతా ముందుకి వంగింది. వయోలా జట్టులో ఇద్దరే. వాళ్ళు మొదట్నుంచీ నీరసంగా ఉన్నారు, తమకి పనికిరానివాడు దొరికాడని. మూడో రూపంలో పాట వయోలాకి రాగానే, వాళ్ళలో ఒకడు చెయ్యి పైకెత్తి "మనది, మనది" అన్నాడు, క్రికెట్లో క్యాచ్‌కి పిలిచినట్టు. ఇక చివరి రూపం గురించి అడిగితే, "మొదట్లోదే మళ్ళీ వచ్చింది" అన్నారు కొందరు. ఫస్ట్ వయొలిన్ జట్టువాడు ఒప్పుకోలేదు. "అదే, కానీ ఇప్పుడు బరువుగా ఉంది." ఎందుకు బరువుగా ఉందో వాడు చెప్పలేకపోయాడు. రెండుసార్లు పెట్టి విన్నాం. రెండోసారి అందరూ వాడి వైపుకి వచ్చేశారు. హార్మనీ అన్న మాట నేను ఆ రోజు పలకలేదు. వాళ్ళు విన్నది మాత్రం అదే.

మధ్యలో ఒకడు ఎగిరి గంతేశాడు. "ఇది జర్మనీ మ్యాచ్‌లో వస్తుంది!" ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాడు. నిజమే. హైడన్ ఈ పాటని 1797లో చక్రవర్తి ఫ్రాంజ్ కోసం కట్టాడు. 1841లో హాఫ్‌మన్ ఫాన్ ఫాలర్స్‌లేబెన్ అనే కవి దానికి వేరే మాటలు రాశాడు. 1922లో అది జర్మనీ జాతీయగీతమైంది. తర్వాత నాజీలూ అందులో మొదటి చరణాన్నే పాడారు. ఇప్పుడు అధికారికంగా మూడో చరణం ఒక్కటే పాడతారు. ఇదంతా చెప్పాను, ఈసారి అడిగాక చెప్పాను, పాట వాళ్ళ నోట్లో ఉన్నాక చెప్పాను. ఒకే పాటకి రాజు, దేశం, నియంత, ఫుట్‌బాల్ అతుక్కున్నాయని విని ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి నా వంక అదోలా చూసింది. ఆమె మొదటి రోజు అడిగిన ప్రశ్నకి జవాబు అందులో ఉంది.

పక్కవాద్యం ఎవరు?

ఈ పిల్లల్లో ఒకమ్మాయి కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది, నాలుగేళ్ళుగా. ఆమె అడిగిన ప్రశ్న నన్ను ఇప్పటికీ పట్టుకుని ఉంది. "ఇందులో పక్కవాద్యం ఎవరు అంకుల్?"

మన కచేరీలో వయొలిన్ పాడేవాళ్ళకి నీడ. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి లాంటివాళ్ళు సోలో కచేరీలతో దాన్ని నీడలోంచి బయటికి తెచ్చారు, అయినా పిల్లలకి మొదట అబ్బేది వెనక నడవడమే. పైగా మన చెవి మాట కోసం వెతుకుతుంది. నా పదకొండు మందిలో కనీసం ఐదుగురు మొదటి రోజు "లిరిక్స్ లేవా?" అని అడిగారు. త్యాగరాజ కృతి అయినా, పద్యం అయినా, సినిమా పాట అయినా మనకి పాట అంటే ఒక గొంతు, ఆ గొంతులో మాట. అలాంటి చెవికి నలుగురూ సమానమన్న మాట వింతగానే ఉంటుంది.

క్వార్టెట్ గురించి చెప్పేవాళ్ళు ఇక్కడ తప్పకుండా గోథే పోలిక తెస్తారు. తెలివైన నలుగురు కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు ఉంటుందని ఆయన 1829లో ఒక ఉత్తరంలో అన్నాడు. అందమైన పోలికే, కానీ పిల్లలకి ఇది తప్పుదారి. సంభాషణలో ఒకరు మాట్లాడితే మిగతావాళ్ళు ఊరుకోవాలి. క్వార్టెట్‌లో నలుగురూ ఒకేసారి మాట్లాడతారు, అయినా గోల కాదు. మా ఆఫీసు కాల్‌లో నలుగురు ఒకేసారి అన్‌మ్యూట్ అయితే ఏమవుతుందో తెలిసినవాడిగా చెప్తున్నా, ఇందులో ఉన్న వింతంతా అదే. గోథే పోలికతో వెళ్ళిన పిల్లవాడు ఎప్పుడూ 'ఇప్పుడు ఎవరు మాట్లాడుతున్నారు' అని పై గొంతునే వెతుకుతాడు. మధ్యలో ఉన్నవాళ్ళని వినడు.

ఆ అమ్మాయికి నేను ఇచ్చిన జవాబు ఇది. మొదట్లో పక్కవాద్యం ఉండేది. హైడన్ తొలి క్వార్టెట్లలో మొదటి వయొలినే ఎక్కువగా పాటగాడు. 1772లో రాసిన ఓపస్ 20లో చెల్లోకీ, వయోలాకీ కూడా గొంతు వచ్చింది. తొమ్మిదేళ్ళ తర్వాత ఓపస్ 33 రాసి, ఇవి పూర్తిగా కొత్త పద్ధతిలో ఉన్నాయని ఆయనే కొనుగోలుదార్లకి ఉత్తరాలు రాశాడు. అమ్ముకోవడానికి రాసిన మాటే కావచ్చు, అయినా అందులో నిజం ఉంది. అప్పటిదాకా పక్కవాద్యంగా ఉన్న చిన్న స్వరాల గుంపే, రెండు అడుగులు వేశాక పాట అయిపోతుంది. పాట వాయిస్తున్నవాడు ఎవరికీ తెలియకుండా వెనక్కి జారి పక్కవాద్యం అయిపోతాడు. ఎవరు ఏదో కాసేపటికోసారి మారుతుంటుంది. 1784లో వియన్నాలో ఒక ఇంట్లో క్వార్టెట్ వాయిస్తే హైడన్ మొదటి వయొలిన్, డిటర్స్‌డోర్ఫ్ రెండోది, వాన్‌హాల్ చెల్లో పట్టుకున్నారని గాయకుడు మైకేల్ కెల్లీ తన జ్ఞాపకాల్లో రాశాడు. మరి మొజార్ట్? ఆయన వయోలా తీసుకున్నాడు. మధ్యలో కూర్చున్నాడు. "మావాడు!" అన్నారు వయోలా జట్టు ఇద్దరూ.

మన సంగీతంలోంచే ఇటు రావడానికి దారి ఉందా? ఉంది. ఇళయరాజా 1986లో చేసిన 'హౌ టు నేమ్ ఇట్'లో వయొలిన్ వాయించిన వి.ఎస్. నరసింహన్, తర్వాత మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్ పెట్టి, కర్ణాటక కృతుల్ని నలుగురికి పంచి వాయించారు. మొదటి వయొలిన్ గమకాలతో కృతిని నడిపిస్తుంటే, కింద ముగ్గురూ హార్మనీ అల్లుతారు. నాకు ఇష్టమైన ప్రయత్నం. తెలుగు పిల్లలకి ఇంతకన్నా దగ్గరిది ఏముంటుందని ఒక ఆదివారం పెట్టాను. వయొలిన్ అమ్మాయి కృతిని రెండో క్షణంలో గుర్తుపట్టింది, సంతోషంతో లోలోపల సాహిత్యం పాడుకుంది. అయిపోయాక "చెల్లో ఏం చేసింది?" అంటే, "చెల్లో ఉందా?" అంది.

అది నరసింహన్ లోపం కాదు. తెలిసిన పాట అంటే ఒకరకంగా అది కూడా కథే. చెవికంటే ముందు జ్ఞాపకం వెళ్ళి కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. పరిచయానికి దగ్గరిదే మంచిదని అందరం అనుకుంటాం. హైడన్ ఈ పిల్లలకి ఎంత దూరమో చూడండి, ఆ దూరమే అక్కడ పనికొచ్చింది. వాళ్ళకి పట్టుకోవడానికి శబ్దం తప్ప ఇంకేమీ లేదు. మద్రాస్ క్వార్టెట్‌ని ఆరో వారమో ఏడో వారమో కాకుండా ఇంకా ఆలస్యంగా, నాలుగు గొంతులు విడివిడిగా వినడం వచ్చాక పెట్టుండాల్సింది. ఇంకోసారి చేస్తే అలాగే చేస్తాను.

కథ రచనలోనే ఉంటే

ఇంతా చెప్పాక, కథలన్నీ వద్దంటున్నానని అనుకోవద్దు. నా వాదనని ఒక రచన అడ్డగించింది. బీథోవెన్ ఓపస్ 132, మూడో భాగం. 1825లో పెద్ద జబ్బు చేసి లేచాక రాశాడు. కోలుకున్నవాడు దేవుడికి చెప్పుకునే కృతజ్ఞతా గీతం, లిడియన్ పద్ధతిలో, అని ఆయనే రాతప్రతిలో పైన రాసుకున్నాడు. ఇక్కడ కథని నేను బయట్నుంచి తేలేదు, బీథోవెనే పెట్టాడు. మరి చెప్పాలా, దాచాలా?

దాచాను, ఒక్కసారికి. చెప్పకుండా మొదటి ఐదారు నిమిషాలు పెట్టాను. ముగ్గురు బోర్ అన్నారు. ఒకడు నిజంగానే నిద్రపోయాడు. ఆపుదామని ఫోన్ అందుకుంటే, మొదటి రోజు ప్రశ్న వేసిన అమ్మాయే, "మెల్లగా ఉంది, కానీ ఆపొద్దు" అంది. ఉంచాను. ఆ నెమ్మది స్వరాల తర్వాత ఒక్కసారిగా వేగంగా, తేటగా ఇంకో ముక్క వస్తుంది. అక్కడ నిద్రపోయినవాడు కూడా లేచాడు. ఈ చోట కొత్త బలం వచ్చినట్టుందని కూడా బీథోవెన్ రాశాడు. అప్పుడు చెప్పాను, జబ్బు సంగతీ, ఆ రెండు మాటలూ. మళ్ళీ మొదట్నుంచి పెట్టమన్నారు. అందరూ కాదు, నలుగురు. మిగతావాళ్ళు క్యారమ్స్‌కి వెళ్ళిపోయారు.

దీన్నుంచి నేను తేల్చుకున్నది, కథ చెడ్డది కాదు, ముందు రావడమే చెడ్డది. చెవి ఒకసారి తనంతట తాను తడుముకున్నాక కథ వస్తే, అది విన్నదాన్ని ఇంకోసారి వినమంటుంది. ముందే వస్తే ఇక వినక్కర్లేదంటుంది. షోస్తకోవిచ్‌ని కూడా అలాగే మొదలెట్టుంటే, చెల్లో వాయించే ఆ నాలుగు స్వరాలు పిల్లల నోట్లోకి వచ్చాక డ్రెస్డెన్ గురించి చెప్పుంటే, బహుశా ఆ రెండో కథ కూడా చెప్పగలిగేవాణ్ణి. రెండిట్లో ఏది నిజమో వాళ్ళనే అడిగేవాణ్ణి.

వాయించడం నేర్చుకునే పిల్లలకి వేరే దారులున్నాయి. క్రోనోస్ క్వార్టెట్ యాభై కొత్త రచనలు రాయించి, స్వరలిపితో సహా నెట్‌లో ఉచితంగా పెట్టింది. జాకిర్ హుస్సేన్ రచన కూడా అందులో ఉంది. కానీ నా గదిలో ఉన్నవాళ్ళు ఎప్పటికీ చెల్లో పట్టుకోరు. వాళ్ళు వినేవాళ్ళు. వినేవాళ్ళని తయారుచెయ్యడం కూడా ఒక చదువే. దానికి పరీక్ష ఉండదు కాబట్టి దానికోసం ఎవరూ ఆదివారం ఖాళీ ఉంచరు.

ఉంచలేదు కూడా. ఫిబ్రవరి వచ్చేసరికి యూనిట్ టెస్టులు, ఒలింపియాడ్లు, ఇంకేవో. పదకొండు మంది ఏడుగురై, నలుగురయ్యారు. వయొలిన్ అమ్మాయి జూన్ నుంచి తొమ్మిదో తరగతి. ఫౌండేషన్‌లో చేర్చారనీ, వయొలిన్ క్లాసు ప్రస్తుతానికి ఆపుతున్నారనీ వాళ్ళ నాన్న లిఫ్ట్‌లో చెప్పారు. ప్రస్తుతానికి అన్న మాట నాకు బాగా తెలుసు. మా నాన్న కూడా అదే అన్నారు. ఏం మాట్లాడాలో తెలియక, ఆదివారం పంపిస్తారు కదండీ అన్నాను. వీలైతే అన్నారు.

మార్చిలో చివరి ఆదివారం ఆమె వచ్చింది, తమ్ముణ్ణి వెంటేసుకుని. వాడు నాలుగో తరగతి. ఇంట్లో ఎవరూ లేరట. ఏం వినాలి అంటే నలుగురూ ఒకే మాట, జోక్ పెట్టండి అన్నారు. వాళ్ళకి అదిప్పుడు కంఠతా వచ్చు. నేను ఎప్పటిలాగే ఆ పిల్లాడితో, అయిపోయిందనిపిస్తే చప్పట్లు కొట్టు నాన్నా అన్నాను. పాట గిర్రున తిరిగింది. ఆ గంభీరమైన ముక్క వచ్చింది. మొదటి ఖాళీ. వాడు గట్టిగా చప్పట్లు కొట్టాడు.

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండో ఖాళీ, మూడో ఖాళీ. వాడు ఈసారి తెలివి తెచ్చుకుని ఆగాడు. నాలుగో ముక్క అయింది, పెద్ద ఖాళీ వచ్చింది. వాడు అక్క వంక చూశాడు, ఇప్పుడా అన్నట్టు. ఆమె ఏమీ చెప్పలేదు. కళ్ళతో కూడా చెప్పలేదు.

వాడు చప్పట్లు కొట్టాడు.